చెప్పుకోలేని మచ్చ: కుష్ఠు చుట్టూ తిరిగే వలయం

హాస్టల్లో ఉన్నవాళ్లకు గజ్జి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గదిలో ఒకరికి వస్తుంది. ఆసుపత్రికి పోతాడు, మందు తెచ్చుకుంటాడు, కొన్నాళ్లకు తగ్గుతుంది. నెల రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ గోకుడు మొదలు. "వాడు శుభ్రంగా ఉండడు" అని అందరం అనేస్తాం. నిజానికి అతడు మందు సరిగ్గానే రాసుకున్నాడు. కానీ పక్క మంచం అతనికి కూడా దురద ఉంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ చలికాలంలో ఒకే దుప్పటి కప్పుకున్నారు. అందుకే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

ఈ సంగతి తెలిసే డాక్టర్లు ఒక మాట చెబుతారు. దురద ఉన్నా లేకున్నా గదిలో అందరూ ఒకే రోజు, మెడ నుంచి పాదాల దాకా మందు రాసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. అలా చేస్తే గజ్జి గదినే వదిలి పోతుంది. పైగా అందరూ రాసుకుంటున్నారు కాబట్టి "గజ్జి ఎవడికి?" అనే ప్రశ్నే ఉండదు.

మిత్రులారా! "తప్పు ఎవరిది?" అని ఒక మనిషిని పట్టుకోవడం ఒక చూపు. "ఇది ఎందుకు మళ్లీ మళ్లీ తిరిగి వస్తోంది?" అని చుట్టూ ఉన్న సంబంధాలను చూడటం ఇంకో చూపు. ఈ రెండో చూపునే చదువుల్లో సిస్టమ్స్ థింకింగ్ అంటారు. తెలుగులో వ్యవస్థాగత ఆలోచన అనవచ్చు. అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్ 1950లలో ఈ పద్ధతికి పునాది వేశారు. డోనెల్లా మెడోస్ అనే శాస్త్రవేత్త దీన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాశారు. ఒక వ్యవస్థలో ఎక్కడ చిన్నగా కదిలిస్తే మొత్తం కదులుతుందో ఆ చోటును వెతకాలని 1999లో ఆమె ఒక వ్యాసంలో వివరించారు.

నేను ఎం.ఎస్.డబ్ల్యు. తరగతిలో ఈ పాఠం విన్నప్పుడు నా మనసులో మెదిలింది గజ్జి కాదు, కుష్ఠు. మన ఊళ్లలో ఇప్పటికీ పేరు ఎత్తడానికి భయపడి "పెద్దరోగం" అని గుసగుసగా చెప్పుకునే జబ్బు. ఈ జబ్బుకు మందు ఉంది, అదీ ఉచితంగా. అయినా దాని మీద చిన్నచూపు పోలేదు. ఎందుకు పోలేదో, ఎక్కడ పట్టుకుంటే పోతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు జబ్బు సంగతి

కుష్ఠు శాపం కాదు, పూర్వజన్మ పాపం కాదు, వంశపారంపర్యం కాదు. ఇది ఒక సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు. 1873లో నార్వే దేశపు వైద్యుడు గెర్హార్డ్ హాన్సెన్ ఆ క్రిమిని కనుగొన్నారు. అందుకే దీన్ని హాన్సెన్ వ్యాధి అని కూడా అంటారు.

ఈ క్రిమి చర్మాన్ని, నరాలను పట్టుకుంటుంది. మొదట చర్మం మీద చుట్టూ ఉన్న రంగు కంటే పాలిపోయిన మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ వస్తుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. అసలు గుర్తు ఏమిటంటే చాలావరకు ఆ మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని మనిషి పట్టించుకోడు. అక్కడే మోసం జరుగుతుంది. వైద్యం లేకుండా సంవత్సరాలు గడిస్తే నరాలు దెబ్బతిని చేతులకు, పాదాలకు స్పర్శ పోతుంది. పొయ్యి కాలినా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండ్లు పడతాయి, వేళ్లు వంగిపోతాయి. కుష్ఠు వల్ల వేళ్లు వాటంతట అవే రాలిపోతాయనుకోవడం పొరపాటు. స్పర్శ లేని చేతికి తగిలిన గాయాలే అవయవాన్ని పాడు చేస్తాయి.

అంటుకోవడం గురించి కూడా తెలుసుకోవాలి. వైద్యం తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మసలితే, ముక్కు నోటి తుంపర్ల ద్వారా ఇది సోకుతుంది. కరచాలనం చేస్తేనో, పక్కన కూర్చుంటేనో, కలిసి తింటేనో అంటుకోదు. నూటికి 95 మందికి పైగా మనుషుల్లో ఈ క్రిమిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. మందు మొదలుపెట్టాక రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం చాలా త్వరగా పోతుంది.

మందు పేరు ఎం.డి.టి., అంటే బహుళ ఔషధ చికిత్స. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మందుల కలయిక ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో దీన్ని సిఫారసు చేసింది. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు గానీ 12 నెలలు గానీ వాడితే జబ్బు నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

ఇంత మంచి మందు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. అయినా 2023లో ప్రపంచంలో 1 లక్ష 82 వేలకు పైగా కొత్త కేసులు నమోదైతే, అందులో 1 లక్షకు పైగా మన దేశంలోనివే.

వలయం ఎలా తిరుగుతుంది?

ఒక కాగితం మీద గుండ్రంగా ఐదు మాటలు రాసుకోండి. భయం, దాపరికం, ఆలస్యం, వైకల్యం, మళ్లీ భయం. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గుర్తు గీయండి.

ఊరి జనానికి కుష్ఠు అంటే భయం. కాబట్టి మచ్చ వచ్చిన మనిషి దాన్ని దాస్తాడు. దాస్తే వైద్యం ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే చేతులు వంకర పోతాయి. ఆ వంకర పోయిన చేతులను చూసి ఊరు "చూశారా, పెద్దరోగం అంటే ఇలా ఉంటుంది" అని ఇంకా భయపడుతుంది. ఆ భయం చూసి, తొడ మీద చిన్న మచ్చ ఉన్న ఇంకో మనిషి తన మచ్చను ఇంకా జాగ్రత్తగా దాచుకుంటాడు. వలయం పూర్తయింది. తిరిగిన కొద్దీ బలపడే వలయం ఇది.

ఇందులో మన కంటికి కనిపించని తిరకాసు ఒకటి ఉంది. సకాలంలో మందు వాడి నయమైనవాళ్లు మన మధ్యనే తిరుగుతుంటారు. వాళ్లకు వైకల్యం ఉండదు కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు, వాళ్లూ చెప్పుకోరు. ఊరికి కనిపించేది ఆలస్యమైనవాళ్లే. అందుకే "కుష్ఠు నయం కాదు" అనే నమ్మకం ప్రతిరోజూ కళ్ల ముందు రుజువవుతున్నట్టే ఉంటుంది.

ఇంకో తిరకాసు కాలం. క్రిమి సోకాక గుర్తులు బయటపడటానికి సగటున 5 ఏళ్లు పడుతుంది. కొందరిలో 20 ఏళ్లు కూడా పట్టవచ్చు. మామిడి మొక్క ఈ రోజు నాటితే కాయ రేపు కాయదు. అలాగే ఈ రోజు దాచిన మచ్చ ఫలితం రేపు కనిపించదు. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత దూరం ఉంటే, మధ్యలో ఖాళీని పాపం, శాపం, వంశం లాంటి మాటలు నింపేస్తాయి.

లెక్క వేసుకునే దాచింది

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. దాంతో మా వాడలో ఎవరికి ఆసుపత్రి చీటీ వచ్చినా చదివి చెప్పే పని నాకు పడింది. మీలో చాలామందికి కూడా ఇదే పని ఉంటుందని నాకు తెలుసు.

మా తాత చెల్లెలిని మేము చిన్నవ్వ అంటాం. ఆమె భుజం మీద మచ్చ వచ్చినప్పుడు ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. మచ్చ సంగతి బయటపడితే సంబంధాలు రావు. కూలికి పిలిచేవాళ్లు పిలవరు. కాబట్టి రవిక కింద దాచింది. పెళ్లిళ్లు అయ్యాయి. అప్పటికి కుడిచేతి చివరి రెండు వేళ్లు వంగాయి. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆమెతో ఆసుపత్రికి పోయాను. 12 నెలలు మాత్రలు మింగింది, జబ్బు పోయింది. వంగిన వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. చీటీ చదివి వినిపిస్తే ఆమె అన్న మాట: "ఎవ్వరికీ చెప్పకు బిడ్డా. చదివినవు కదా, ఇగ చింపెయ్యి."

చిన్నవ్వను అజ్ఞానురాలు అనడం సులువు. కానీ ఆమె తెలివి లేక దాచలేదు. చెప్పుకుంటే పోయేది ఎంత, దాచుకుంటే పోయేది ఎంత అని లెక్క వేసుకునే దాచింది. చెప్పుకుంటే పిల్లల పెళ్లి, కూలి, నలుగురిలో కూర్చునే చోటు వెంటనే పోతాయి. దాచుకుంటే పోయేది ఎప్పుడో పోయే రెండు వేళ్లు. ఆమె ఉన్న చోట నిలబడి చూస్తే ఆ లెక్క తప్పు కాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. చిన్నచూపు మనుషుల మనసుల్లో మాత్రమే ఉండదు. చెప్పుకున్నవాడు చెల్లించాల్సిన మూల్యంలో ఉంటుంది. ఆ మూల్యం తగ్గించకుండా "దాచకండి, ధైర్యంగా చెప్పండి" అని ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా, ఎన్ని పోస్టర్లు అంటించినా వలయం ఆగదు.

మందు కంటే ముందు వచ్చిన చట్టం

ఆ మూల్యాన్ని ఊరు ఒక్కటే పెంచలేదు. చట్టం కూడా పెంచింది. బ్రిటిష్ ప్రభుత్వం 1898లో లెపర్స్ యాక్ట్ తెచ్చింది. రోగులను, ముఖ్యంగా బిచ్చమెత్తుకునేవారిని పట్టుకుని విడిగా ఉంచడం దాని పద్ధతి. జబ్బు వ్యాపించకూడదన్నది ఉద్దేశం. కానీ బయటపడితే పట్టుకుపోతారని తెలిసినప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఇంకా లోతుగా దాక్కుంటాడు. జబ్బును ఆపాలని చేసిన పనే జబ్బును దాచింది. వ్యవస్థలను చదివేవారు ఇలాంటివాటిని బెడిసికొట్టే పరిష్కారాలు అంటారు.

ఆ రోజుల్లో రోగులను ఆదరించినవారూ ఉన్నారు. మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే కుష్ఠు ఆసుపత్రి నడిపారు. సరైన మందు లేని ఆ కాలంలో చాల్‌ముగ్రా జాతి నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు. వెలివేయబడ్డవారికి అలాంటి చోట్లు నిజంగా ప్రాణం పోశాయి. అయితే ఆసుపత్రి ఎంత మంచిదైనా ఊరి అవతల ఉండటంతో "వీళ్లు విడిగా ఉండాల్సినవాళ్లే" అనే భావన కూడా దాని వెంటే నిలిచింది. మంచి మనసుతో చేసిన పనికి కూడా రెండో ఫలితం ఉంటుందని ఇక్కడ నేర్చుకోవాలి.

మందు వచ్చాక చట్టాలు వెంటనే మారాయా? లేదు. ఒడిశాలో కుష్ఠు ఉన్నవారు పురపాలక సంఘ సభ్యులుగా ఉండటానికి అనర్హులనే నిబంధనను 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటికి ఎం.డి.టి. వచ్చి 27 ఏళ్లు. 1898 నాటి చట్టం రద్దయింది 2016లో. భార్యకు గానీ భర్తకు గానీ కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చనే నిబంధన హిందూ వివాహ చట్టం సహా పలు చట్టాల్లో 2019 దాకా ఉంది. ఆ ఏడాది పార్లమెంటు వ్యక్తిగత చట్టాల సవరణ ద్వారా దాన్ని తీసివేసింది. పెళ్లి పోతుందని చిన్నవ్వ లాంటివారు భయపడటం వట్టి మూఢనమ్మకం కాదని, ఆ భయానికి పుస్తకాల్లో అచ్చయిన ఆధారం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

గెలుపు తెచ్చిన చిక్కు

2005 డిసెంబర్ నాటికి మన దేశంలో ప్రతి 10 వేల జనాభాకు చికిత్సలో ఉన్నవారి సంఖ్య ఒకటి కంటే తగ్గింది. దీన్ని జాతీయ స్థాయిలో నిర్మూలన లక్ష్యం సాధించడం అన్నారు. నిజంగా గొప్ప విజయమే. కానీ "నిర్మూలన" అనే మాట వినగానే జబ్బే లేదని అందరూ అనుకున్నారు. వెతకడం తగ్గింది. వెతక్కపోతే కేసులు కనిపించవు. కనిపించకపోతే జబ్బు లేదనిపిస్తుంది. లేదనిపిస్తే ఇంకా వెతకరు. ఇది రెండో వలయం. 2016లో ఎంపిక చేసిన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి వెతికితే 30 వేలకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. అవి ఆ ఏడాది పుట్టినవి కావు. అంతకు ముందు నుంచీ దాగి ఉన్నవి.

మందులో కూడా ఒక చిక్కు ఉంది. క్లోఫాజిమిన్ వాడినప్పుడు చర్మం నల్లబడుతుంది. మందు ఆపాక కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కానీ ఆ నలుపు చూసి "ఏమైంది?" అని నలుగురూ అడుగుతారు. జవాబు చెప్పలేక కొందరు మాత్రలే మానేస్తారు. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడి ఆపేసేవారూ ఉంటారు. ముందే చెప్పి ఉంటే ఈ ఇబ్బంది రాదు. మందు ఇచ్చినప్పుడు దాంతోపాటు అడిగేవారికి ఏం చెప్పాలో కూడా రోగికి నేర్పాలి.

ఎక్కడ పట్టుకోవాలి?

వలయాన్ని ఒకేసారి మొత్తం ఆపలేం. చెప్పుకునేవారి మీద పడే భారం తగ్గే చోటు ఏదో చూసి అక్కడ పట్టుకోవాలి. మన హాస్టల్ స్థాయిలో మనం చేయగలిగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, అందరినీ చూడటం. "ఎవరికైనా మచ్చలున్నాయా? చేతులెత్తండి" అంటే ఒక్క చేయీ లేవదు. హాస్టల్లో ఆరోగ్య పరీక్షలు జరిగే రోజు ప్రతి విద్యార్థినీ ఒక్కొక్కరిగా, తలుపు వేసిన గదిలో, చర్మం కూడా చూడమని డాక్టర్ గారిని అడగాలి. బాలికల హాస్టళ్లలో మహిళా సిబ్బంది చూడాలి. గజ్జి మందు అందరూ రాసుకున్నట్టే ఇదీ. అందరికీ చేసే పనిలో ఎవరూ విడిగా కనిపించరు.

రెండోది, మచ్చకూ మాత్రకూ మధ్య దూరం తగ్గించడం. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఊళ్లో అయితే ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ చెప్పవచ్చు. నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవచ్చు. చికిత్స మధ్యలో మచ్చలు ఎర్రగా వాచినా, నరాల్లో నొప్పి వచ్చినా, చేతులు కాళ్లు బలహీనపడినా మందు మానకుండా అదే రోజు డాక్టరును కలవాలి. దానికి వేరే వైద్యం ఉంది, ఆలస్యం చేస్తే నరం పోతుంది.

మూడోది, రహస్యం కాపాడటం. దగ్గరగా మెలిగినవారికి ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇవ్వాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన జాతీయ కార్యక్రమంలోనూ అది ఉంది. మంచిదే. కానీ ఒక గదిలోని పదిమందికి మాత్రమే ఆ మాత్ర ఇస్తే రోగి ఎవరో సాయంత్రానికల్లా హాస్టలంతా తెలుస్తుంది. రోగి అంగీకారం తీసుకుని, పేరు బయటకు రాకుండా ఎలా ఇవ్వాలో వార్డెన్ గారూ వైద్య సిబ్బందీ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

నాలుగోది, నయమైనవారిని కనిపించనివ్వడం. ఇష్టపడి వచ్చేవారు ఉంటే ఏటా జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడు జరిపే కుష్ఠు వ్యతిరేక దినం సభకు పిలవాలి. గాంధీజీ స్వయంగా సేవాగ్రామ్‌లో పర్చూరే శాస్త్రి అనే కుష్ఠు రోగికి సేవ చేశారు. అయితే వచ్చినవారిని జాలి చూపించడానికి నిలబెట్టకూడదు. మామూలుగా భోజనాల బంతిలో కూర్చోబెట్టుకోవాలి. వంద పోస్టర్లు చేయని పని ఆ ఒక్క బంతి చేస్తుంది.

ఐదోది, మాట. "కుష్టోడు" అనేది మనకు ఆటల్లో వాడే తిట్టు. ఆ తిట్టు విన్న తమ్ముడి కాలి మీద మచ్చ ఉండవచ్చు. ఆ సాయంత్రం వాడు లుంగీ మాని ఫుల్‌ప్యాంటు వేసుకుంటాడు. మనం మాత్రం గమనించం.

మిగతా మచ్చల సంగతి

ఇదే బొమ్మను క్షయ, హెచ్.ఐ.వి., మానసిక సమస్యలు, చెల్లెళ్ల నెలసరి ఇబ్బందుల మీద కూడా గీసి చూడండి. భయం పేరు మారుతుంది, దాపరికం దారి మారుతుంది, వలయం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషి చెప్పుకుంటే ఏం కోల్పోతాడు? దాన్ని ఎలా తగ్గించగలం?

కులం విషయంలో మాత్రం ఒక తేడా మరువకూడదు. అక్కడ జబ్బు ఉన్నది చూసేవాడి దగ్గర, కాబట్టి మందు పడాల్సింది కూడా అక్కడే. అయినా చెప్పుకోవడానికి చెల్లించే మూల్యం ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? కాలేజీలో చేరిన కొత్తలో "ఏ హాస్టల్?" అని అడిగితే ఊరి పేరు మాత్రం చెప్పి ఊరుకునేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. వాళ్లు అబద్ధాలకోరులు కాదు, వాళ్లూ లెక్క వేసుకున్నారు. ఆ నొప్పి తెలిసినవాళ్లం కాబట్టి, మచ్చ దాచుకునేవాడి బాధ అర్థం చేసుకునే అర్హత మనకు ఎక్కువ. బాధ్యత కూడా ఎక్కువే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడలో ఎవరో ఒకరు చీటీ తెచ్చి మీ చేతిలో పెడతారు. చదివి చెప్పండి. ఎన్ని నెలల మందో, ఎక్కడ ఉచితంగా దొరుకుతుందో, ఏం జాగ్రత్త పడాలో చెప్పండి. విషయం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ తర్వాత వాళ్ల ఇంట్లోనే కూర్చుని, వాళ్లు ఇచ్చిన గ్లాసులోనే చాయ్ తాగి రండి. చీటీ చదవడం మనకు ఈ హాస్టల్ ఇచ్చిన చదువు వల్ల వచ్చింది. ఆ చాయ్ తాగడం కూడా అందులో భాగమే అనుకుందాం.